పాత కోల్టా, ఇటలీ కాపీయా? కొనడానికి కాదు, కాల్చడానికి తేల్చుకునే పద్ధతి

మొన్న టెక్సాస్‌లో ఒక గన్ షోకి వెళ్తే గుంటూరు వైపు కుర్రాడొకడు గాజు పెట్టె మీద వంగి, లోపలున్న గోధుమ రంగు తేలిన కోల్ట్ రివాల్వర్ వంక చూస్తూ "అన్నా, ఇది ఒరిజినలేనా, కాల్చొచ్చా?" అని ఒక్క ఊపిరిలో అడిగాడు. అవి రెండు ప్రశ్నలు. అమ్మేవాడు మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి కూడా చెప్పేసినట్టు మొహం పెడతాడు, మనం అక్కడే బోల్తా పడతాం. నేనూ పడ్డాను, ఆ సంగతి కిందకొస్తుంది.

ఇందులో ఎక్కువ భాగం కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ గురించే. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న మోడల్ అది. కృష్ణ గారు కౌబాయ్ టోపీ పెట్టుకున్న రోజుల నుంచి మనకు తెలిసిన ఆకారం. సింగిల్ యాక్షన్ అంటే ప్రతి తూటాకీ బొటనవేలితో హ్యామర్ (తూటాని కొట్టే సుత్తి) వెనక్కి లాగాల్సిందే, ట్రిగ్గర్ చేసేదల్లా ఆ హ్యామర్‌ని వదలడం.

మొదటి పని: ఎందుకు కాలుస్తున్నారో తేల్చుకోండి

నెలకి రెండు సార్లు వంద తూటాలు కాల్చాలి, కౌబాయ్ యాక్షన్ పోటీలకి వెళ్ళాలి అనుకుంటే ఇక ఆలోచించక్కర్లేదు, కాపీ కొనుక్కోండి. ఆ పోటీల్లో ఒక మనిషికి రెండు రివాల్వర్లు కావాలి, హ్యామర్‌ని వేగంగా లాగుతారు, చేతులు చెమటలు పడతాయి, తుపాకి బల్ల మీద టక్కున పడుతుంది. నూట ఇరవై ఏళ్ళ ఇనుముని ఆ పనికి పెట్టడం అంటే తాతగారి పంచెతో కారు తుడవడమే.

ఏడాదికి మూడు నాలుగు సార్లు, ఒక ఇరవై తూటాలు, ఆ కాలంలో ఇది ఎలా పేలిందో చేతికి తెలియాలి అన్నంత వరకే అయితే ఒరిజినల్ కూడా పనికొస్తుంది. మజిల్ లోడర్ల (ముందు వైపు నుంచి మందు, గుండు నింపే తుపాకుల) అంతర్జాతీయ పోటీల్లో ఒరిజినళ్ళకి, కాపీలకి వేరు వేరు విభాగాలు ఉన్నాయి. పదమూడు గుళ్ళు, అరగంట టైము, అందులో మంచి పది లెక్కలోకి వస్తాయి. అక్కడ ఒరిజినల్ పెర్కషన్ రివాల్వర్లతో (తూటా కాకుండా మందు, గుండు విడిగా నింపి చిన్న క్యాప్‌తో పేల్చేవి) కొట్టేవాళ్ళు కాపీల వాళ్ళకి ఏమీ తీసిపోరు. కాబట్టి "పాతది సూటిగా కొట్టదు" అనేది వట్టి మాట. బాగున్న పాతది బ్రహ్మాండంగా కొడుతుంది. అది విరిగితే మీకు పోయేది ఎంత, అదే అసలు ప్రశ్న.

రెండో పని: పుట్టిన తేదీ పట్టుకోండి

మొదటి తరం కోల్ట్‌లు 1873 నుంచి 1940 దాకా తయారయ్యాయి, మొత్తం సుమారు 3,57,000. సీరియల్ నంబరు బట్టి ఏడాది తెలుస్తుంది. ఇందులో మూడు గీతలు గుర్తు పెట్టుకోవాలి. వీటిని కలిపేసుకోవడం వల్లే గొడవంతా.

మొదటి గీత 1898. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898 చివరి లోపు తయారైనది యాంటిక్. కోల్ట్ విషయంలో ఇది సుమారు 1,82,000 నంబరు దగ్గర పడుతుంది. ఇది చట్టం గీసిన గీత, ఇనుము గట్టితనంతో దీనికి ఏ సంబంధమూ లేదు.

రెండోది ఫ్రేము ముందు భాగం. తొలి రోజుల్లో సిలిండర్ (తూటాలు పట్టే, తిరిగే భాగం) ఇరుసుని పట్టి ఉంచడానికి ఫ్రేము ముందు ఏటవాలుగా ఒక స్క్రూ ఉండేది, దాన్నే బ్లాక్ పౌడర్ (పాత కాలపు పొగ మందు) ఫ్రేము అంటారు. 1892 ప్రాంతంలో దాని బదులు పక్క నుంచి నొక్కే స్ప్రింగ్ పిన్ను మొదలైంది, 1896కి పూర్తిగా అదే అయిపోయింది.

మూడోది 1900. కోల్ట్ కంపెనీ స్మోక్‌లెస్ పౌడర్‌కి (పొగ అంతగా రాని కొత్త మందుకి) హామీ ఇచ్చింది అప్పటి నుంచే, సుమారు 1,92,000 నంబరు దాటాక. ఆ తర్వాతి వాటికి ట్రిగ్గర్ గార్డు మీద చిన్న త్రిభుజంలో వీ, పీ అక్షరాల ముద్ర కనిపిస్తుంది.

నేను పడింది రెండో గీతకీ మూడో గీతకీ మధ్య. "పక్క పిన్ను ఉంది చూడండి, అంటే స్మోక్‌లెస్ కాల్చుకోవచ్చు" అన్నాడు అమ్మినాయన. నేను తలూపాను. ఇంటికొచ్చి నంబరు చూస్తే 1897 నాటిది, పిన్ను ఉంది కానీ హామీ లేని కాలం. అప్పటికే ఒక పెట్టె ఫ్యాక్టరీ తూటాలు కాల్చేశాను. పేలిపోలేదు, కానీ తర్వాత గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర కొలిపిస్తే ఒక చాంబర్ (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రం) కొద్దిగా ఉబ్బి ఉంది. అది నేను చేసిందో, నాకంటే ముందు వందేళ్ళలో ఎవరైనా చేసిందో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడది గోడ మీద ఉంది.

తొలి ఏళ్ళ ఫ్రేములు ఉక్కు కూడా కాదు, ఇనుము. పైగా ఈ మోడల్‌లో సిలిండర్‌ని ఆపే గాట్లు దాదాపు చాంబర్ నడినెత్తినే పడతాయి, అక్కడ గోడ మరీ పలచన. 45 కాలిబర్‌లో రంధ్రం పెద్దది కాబట్టి ఇంకా పలచన. ఉబ్బు మొదలయ్యేది అక్కడే, అందుకే ఆ గాట్ల అడుగున వేలుగోరుతో తడిమి చూడండి.

మూడో పని: అసలు పాతదేనా?

ఇటలీ కాపీని పాతబరిచి కోల్ట్ అని అమ్మే వాళ్ళున్నారు, మామూలు కోల్ట్‌ని సైన్యం కోల్ట్ అని అమ్మే వాళ్ళు అంతకంటే ఎక్కువ. సైన్యం మొత్తం కొన్నవే సుమారు 37,000. ఫ్రేము ఎడమ పక్క యూ.ఎస్. అనే రెండక్షరాలు ఉంటే ధర ఎక్కడికో పోతుంది, ఆ రెండక్షరాలు కొట్టడానికి ఒక సుత్తి, ఒక పంచి చాలు. అందుకే ముద్రతో పాటు ఇన్‌స్పెక్టర్ అక్షరాలు, నంబరు వరస కూడా ఒకదానికొకటి పొసగాలి.

నంబరు ఫ్రేము కింద, ట్రిగ్గర్ గార్డు మీద, పిడి పట్టీ మీద, మూడు చోట్లా ఒకటే ఉండాలి. ఒక్క మినహాయింపు ఉంది: ఆర్టిలరీ అని పిలిచే అయిదున్నర అంగుళాల గొట్టం సైన్యం తుపాకులు. వాటిని 1890లలో పాత ఏడున్నర అంగుళాల వాటిని విప్పి, గొట్టం కోసి, భాగాలన్నీ కలిపేసి మళ్ళీ బిగించారు. అందులో నంబర్లు కలవకపోవడమే మామూలు. అన్నీ చక్కగా కలిసిన ఆర్టిలరీ కనిపిస్తే నేను ఇంకాస్త దగ్గరికెళ్ళి చూస్తాను.

కాపీని పట్టడం తేలిక. ఇటలీలో ప్రతి తుపాకీ ప్రభుత్వ పరీక్ష దాటాలి, ఆ ముద్రలు ఫ్రేము మీద, సిలిండర్ మీద, గొట్టం కింద ఉంటాయి. వాటి పక్కన ఏడాది కోడ్ ఉంటుంది, 1975 నుంచి చిన్న డబ్బాలో రెండక్షరాలు, అంతకు ముందు రోమన్ అంకెలు. ఎజెక్టర్ గొట్టం (కాల్చిన డొక్కుల్ని బయటికి నెట్టే కమ్మీ ఉండేది) విప్పి దాని కింద చూడండి, దొంగలు తరచూ అక్కడ అరగదీయడం మర్చిపోతారు. అరగదీసినా ఆ చోటు కాస్త పల్లంగా, వెలుతురులో తేడాగా కనిపిస్తుంది.

పెద్ద మొత్తం పెట్టేటప్పుడు కోల్ట్ వాళ్ళ ఆర్కైవ్ నుంచి లెటర్ తెప్పించుకోండి. ఆ నంబరు తుపాకి ఏ కాలిబర్‌లో, ఎంత గొట్టంతో, ఏ తేదీన, ఎవరికి వెళ్ళిందో ఆనాటి పుస్తకాల్లోంచి రాసిస్తారు. డబ్బు తీసుకుంటారు, ఆగాలి కూడా. "లెటర్ ఎందుకండీ, నా మాట నమ్మండి" అన్నవాడి దగ్గర నేను కాఫీ కూడా తాగను.

నాలుగో పని: చేత్తో చూడాల్సినవి

ఇది పాతదానికీ కొత్తదానికీ ఒకటే, అందుకే దీనికి టైము పెట్టండి. ముందు తూటాలు వేసే గేటు తెరిచి, ఆరు చాంబర్లూ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలితో తడిమి, మళ్ళీ ఇంకోసారి చూడండి. యజమానిని అడిగే హ్యామర్ లాగండి. పాతది కదా, పట్టించుకోడు అనుకోవద్దు, పాతదానికే ఎక్కువ పట్టించుకుంటారు.

హ్యామర్‌ని మెల్లగా లాగితే నాలుగు క్లిక్కులు వినిపించాలి. సీ, ఓ, ఎల్, టీ అని కోల్ట్ పేరు పలుకుతుంది అంటారు ఇక్కడి వాళ్ళు. కొన్ని కొత్త కాపీల్లో ఈ లెక్క మారుతుంది. పాతదాంట్లో మూడే వినిపిస్తే హ్యామర్ గాటు ఒకటి విరిగిందనో, ట్రిగ్గర్ కొన అరిగిందనో అనుకోండి.

ఇప్పుడు సిలిండర్ మీద బొటనవేలు లేతగా ఆనించి, కొద్దిగా అడ్డం పెడుతూ హ్యామర్ పూర్తిగా లాగండి. హ్యామర్ చివరికి వచ్చేసరికి సిలిండర్ టక్కుమని తాళం పడాలి. హ్యామర్ నిలబడిపోయి సిలిండర్ ఇంకా కాస్త మిగిలిపోతే, దాన్ని తిప్పే హ్యాండ్ అరిగిపోయినట్టు. ఇలా ఆరు చాంబర్లకీ చేయాలి. అయిదు బాగుండి ఒకటి తప్పడం మామూలే, ఆ ఒక్కటే గుండుని గొట్టం అంచుకి కొట్టి సీసం పక్కకి చిమ్ముతుంది.

పూర్తిగా లాగి ఉన్న హ్యామర్‌ని, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, బొటనవేలితో ముందుకి నెట్టండి. జారిపడితే ఆ తుపాకి అక్కడే పెట్టేసి నమస్కారం చెప్పి వచ్చేయండి. ట్రిగ్గర్ నొక్కకుండా పేలే తుపాకి అది.

తర్వాత సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదపండి. సిలిండర్ మొహానికీ గొట్టానికీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) పెడితే 2 నుంచి 6 థౌ ఉంటే హాయి. థౌ అంటే మన లేత్ షాపుల్లో అనే థౌనే, అంగుళంలో వెయ్యో వంతు. పాతవాటిలో 8, 10 కూడా చూశాను. కాలుతుంది, కానీ వేగం తగ్గుతుంది, మసి మణికట్టు దాకా పడుతుంది.

గొట్టంలోకి లైటు వేసి చూడండి. ముదురు రంగు, చిన్న చిన్న గుంటలు ఉన్నా గుండుని తిప్పే గాడులు నిలబడి ఉంటే గుండు బాగానే వెళ్తుంది. భయపడాల్సింది నీడలా కనిపించే వలయం చూసి. అంటే ఎప్పుడో ఒక గుండు లోపల ఇరుక్కుంటే దాని వెనకాల ఇంకోటి కాల్చారన్న మాట, గొట్టం ఉబ్బింది.

అయిదో పని: కొలతలు, ఎవరూ చెప్పని భాగం

కాపీకీ ఒరిజినల్‌కీ అసలు తేడా రంగులో, చెక్క పిడిలో లేదు. మొదటి తరం 45 కోల్ట్ గొట్టం గాడుల దగ్గర సుమారు 0.454 అంగుళాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ప్రమాణం 0.452. అంటే ఇవాళ షాపులో దొరికే గట్టి సీసం గుండు కాపీలో సరిగ్గా పడుతుంది, పాతదాంట్లో వదులుగా జారుతుంది. పక్కల నుంచి వేడి గ్యాసు దూరి సీసాన్ని గోడలకి పూస్తుంది, టార్గెట్ మీద గుండు అడ్డంగా దిగుతుంది. అప్పుడు మనవాడు "పాతది కదండీ, అరిగిపోయింది" అంటాడు. అరగలేదు, చెప్పు సైజు తప్పు.

కాబట్టి కొలవండి. మెత్తటి సీసం గుండుకి నూనె రాసి, చెక్క కమ్మీతో గొట్టంలోంచి మెల్లగా నెట్టి, బయటికొచ్చిన దాన్ని మైక్రోమీటర్‌తో చూడండి. గాడులు ఆరు, సరి సంఖ్య కాబట్టి ఎదురెదురు కొలవడం తేలిక. చాంబర్ ముందు నోళ్ళు కూడా ఆరూ కొలవండి, పాతవాటిలో 0.456 పైనే ఉండటం చాలాసార్లు చూస్తాం. అలాంటి దానికి ఇరవై పాళ్ళు సీసం, ఒక పాలు తగరం కలిపి పోసిన మెత్తటి గుండు, 0.454 సైజుది పెడితే అది పేలుడు ఒత్తిడికి కాస్త ఉబ్బి గాడుల్ని పట్టుకుంటుంది. నా దగ్గరున్న 1906 నాటి దాంట్లో ఈ ఒక్క మార్పుతో బొక్కలన్నీ చాప మీద నుంచి చాటలోకి వచ్చాయి.

ఆరో పని: కాపీలో ఏం చూడాలి

ఇవన్నీ దాదాపు ఇటలీలో బ్రెషా చుట్టుపక్కల నుంచే వస్తాయి. ఉబెర్తి 1959లో మొదలైంది, పియెట్టా ఇంకోటి. సిమరాన్, టేలర్స్ లాంటి పేర్లు చూసి వేరే కంపెనీలు అనుకోకండి, వాళ్ళు తెప్పించి అమ్మేవాళ్ళు, తయారీ ఇటలీలోనే. తూటా వాడే వాటిలో ఉక్కు ఈనాటిది, స్మోక్‌లెస్‌కి పరీక్షించి పంపిందే, కాబట్టి ఆ టెన్షన్ లేదు. టెన్షన్ చిన్న చిన్న వాటితో: స్క్రూలు వదులవుతాయి, స్ప్రింగులు బిగువెక్కువ, లోపల అంచులు గరుకు. వంద డాలర్లు ఇచ్చి మంచి గన్‌స్మిత్‌తో నునుపు చేయిస్తే మనిషి మారినట్టు మారుతుంది.

కొత్త ఉబెర్తిల్లో హ్యామర్ లోపల దాక్కునే ఫైరింగ్ పిన్ను వచ్చింది, భద్రత కోసం. పాత పద్ధతిదే కావాలనుకునే వాళ్ళు దానికి మూతి ముడుస్తారు, నేను ముడవను. ఇక పెర్కషన్ కాపీల్లో 44 కాలిబర్ 1851 నేవీ అని ఇత్తడి ఫ్రేముతో అమ్ముతారు. అలాంటిది కోల్ట్ ఎప్పుడూ చేయలేదు, అసలు నేవీ 36 కాలిబరే. ఇత్తడి ఫ్రేము నిండా మందు పోసి కాలిస్తే మెల్లమెల్లగా సాగుతుంది కూడా.

ఏడో పని: మందు, తూటా

బ్లాక్ పౌడర్‌ని నల్లమందు అని రాస్తే మన దగ్గర పోలీసులు వేరే అర్థం తీసుకుంటారు కాబట్టి బ్లాక్ పౌడర్ అనే ఉంచుతున్నాను. 1900కి ముందుదానికి అదొక్కటే. స్మోక్‌లెస్ వద్దు, కొద్దిగా కూడా వద్దు, "కౌబాయ్ లోడ్" అని పెట్టె మీద బొమ్మ ఉన్నా వద్దు. స్మోక్‌లెస్ ఒత్తిడి ఎక్కే తీరే వేరు, ఆ ఇనుముని దానికి తయారు చేయలేదు.

1900 తర్వాతివి, గన్‌స్మిత్ చూసి సరే అన్నాక, తేలికపాటి కౌబాయ్ లోడ్లు తట్టుకుంటాయి. 45 కోల్ట్‌కి ఇవాళ్టి పరిశ్రమ ప్రమాణం గరిష్ఠంగా చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు, నేను పాతదాంట్లో దాని దరిదాపులకి కూడా పోను. పెట్టె మీద "రూగర్‌కి మాత్రమే" (రూగర్ ఇంకో తుపాకి కంపెనీ) అన్న మాట కనిపిస్తే అది పాతదానికీ కాదు, ఇటలీ కాపీకీ కాదు. తూటా కొలత ఒకటే కాబట్టి దూరుతుంది, అదే ప్రమాదం.

చిన్న కిటుకు: బ్లాక్ పౌడర్ కాల్చాలనుకుంటే 44-40 అనే తూటాకి చేసిన తుపాకి తీసుకోండి. దాని ఇత్తడి పలచన, పేలగానే చాంబర్‌కి అతుక్కుని మసిని వెనక్కి రానివ్వదు. 45 కోల్ట్‌లో మూడోసారి సిలిండర్ నింపి కాల్చేసరికల్లా అంతా జిడ్డు.

ఎనిమిదో పని: రేంజిలో పక్కపక్కన

అయిదే తూటాలు. పాతదైనా, పాత పద్ధతి కాపీ అయినా హ్యామర్ కింద ఖాళీ చాంబర్ ఉండాలి. ఒకటి వేసి, ఒకటి వదిలి, నాలుగు వేసి, హ్యామర్ పూర్తిగా లాగి మెల్లగా దింపితే అది ఖాళీ మీదకి వస్తుంది. ముందు ఖాళీ డొక్కులతో ఇంట్లో వంద సార్లు అలవాటు చేసుకోండి. హ్యామర్ మొదటి గాటుని సేఫ్టీ అంటారు గానీ కిందపడితే అది ఆపుతుందని నమ్మకండి.

పోల్చేటప్పుడు బల్ల మీద ఇసుక సంచి ఆనించి, పదిహేను గజాల్లో, చాంబర్లకి నంబర్లు వేసుకుని, ఏ బొక్క ఏ చాంబర్‌దో కాగితం మీద రాసుకుంటూ కాల్చండి. విసుగు పుట్టే పని, నిజమే. కానీ తుపాకి మొత్తం బాగాలేదా, మూడో నంబరు చాంబర్ ఒక్కటే బాగాలేదా అన్నది ఇలా తప్ప తెలియదు. రెంటికీ ఒకే తూటా పెట్టి పోల్చకండి, ఎవరి సైజుది వాళ్ళకి పెట్టండి.

కాపీ కిందకి కొడుతుంటే కంగారు పడక్కర్లేదు, ముందు సైటు ఎత్తుగా ఉంటుంది, ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసుకుంటూ పైకి తెచ్చుకోవచ్చు. పాతదాని సైటు మీద ఆకురాయి పెట్టారంటే మీ చేత్తో మీరే ధర కోసుకున్నట్టు. దానికి గుండు బరువు మార్చి చూడాలి, లేదంటే గురి పెట్టే చోటు మార్చుకోవాలి.

బ్లాక్ పౌడర్ కాల్చిన రోజే కడగాలి, వేడి నీళ్ళు, సబ్బు, ఆ తర్వాత ఆరబెట్టి నూనె. మసి తేమని పీలుస్తుంది, హ్యూస్టన్ గాలిలో తెల్లారేసరికి తుప్పు. స్క్రూలు విప్పాలంటే సరిగ్గా పట్టే బిట్టుతోనే విప్పండి. కాపీ స్క్రూ తల చెడితే కొత్తది తెప్పించుకుంటారు, పాతదాని తల చెడితే ఏడ్వాలి.

నా ఓటు

రెండూ కావాలనుకునే వాళ్ళకి మధ్యదారి ఒకటుంది, అమ్మేవాళ్ళు దాని గురించి పెద్దగా చెప్పరు: 1900 తర్వాతిది, ఎవరో ఎప్పుడో మళ్ళీ రంగు వేయించినది, గొట్టమో సిలిండరో మార్చినది. సేకరించే వాళ్ళు దాన్ని ముట్టుకోరు, అందుకే ధర దిగుతుంది. దాంట్లో ఒక స్ప్రింగు విరిగితే మార్చుకోవచ్చు, చరిత్ర పోదు, అది ముందే పోయింది. ఫ్యాక్టరీ రంగు మిగిలున్న ఒరిజినల్ మాత్రం, ఎంత గట్టిగా ఉన్నా, కాల్చకండి. సిలిండర్ తిప్పినప్పుడల్లా గీత పడుతుంది, ఆ గీత ధర నుంచి కోత. గన్ షో కుర్రాడికి నేను చెప్పింది ఇంకా చిన్నది: ముందు ఉబెర్తి కొను, ఏడాది కాల్చు, అప్పటికి పాతదాంట్లో ఏం చూడాలో నీ చేతికే తెలుస్తుంది.

వాడు హెచ్1బీ మీద ఉన్నాడని తర్వాత తెలిసింది. ఇది మన వాళ్ళు చాలామంది పట్టించుకోరు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. రేంజిలో అద్దెకి తీసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. 1898 లోపుది ఫెడరల్ లెక్కలో తుపాకి కాదు, కానీ దాంట్లో వేసే తూటా తూటానే, పైగా రాష్ట్రాల చట్టాలు వేరే. తూటా వాడే కాపీ ఎంత పాత వేషం వేసినా కొత్త తుపాకి కిందే లెక్క. గ్రీన్ కార్డు లేకపోతే ముందు లాయర్, తర్వాత గన్ షో.

ఇండియా వెళ్ళే ముందు రేంజికి తీసుకెళ్ళిన సంచిని ప్రయాణం సామానులో కలపకండి. ఏదో జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు. మా ఇంట్లో ఆ సంచికి గరాజ్ దాటి లోపలికి ప్రవేశం లేదు, ఆ రూలు మా ఆవిడది.